తూకానికెక్కిన గుండె

మేళ్లచెరువులో శివరాత్రి జాతరకు ఎడ్ల పందేలు మొదలయ్యాయంటే కోదాడ, హుజూర్‌నగర్, మిర్యాలగూడ వైపు నుంచే కాదు, కృష్ణ అవతల పల్నాడు నుంచి కూడా జనం దిగుతారు. పాలపళ్ల విభాగం, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, సీనియర్లు... గిత్తల నోరు తెరిచి పళ్లు చూసి వయసు తేల్చుకుని, ఆ లెక్కన జతలను బరిలోకి దించుతారు. బండకు కట్టి అదిలిస్తారు. ఇచ్చిన నిమిషాల్లో ఏ జత ఎన్ని అడుగులు లాగిందో కొలిచి మైకులో చెబుతారు. మొదటి బహుమతి కొట్టిన జతకే కాదు, ఐదో స్థానంలో ఆగిపోయిన జతకూ దాని అడుగులు దానికి రాసి ఉంటాయి. ఎవరి కొలత వారిది.

గుర్రప్పందేల్లో చాలాకాలం ఈ మర్యాద లేదు. గెలిచిన గుర్రం సమయాన్నే అధికారికంగా రాసేవారు. వెనక వచ్చినవాటికి నిమిషాలూ సెకన్లూ ఉండేవి కావు. ముందు గుర్రానికి ఎన్ని ‘లెంగ్త్’ల వెనక వచ్చిందన్నదొక్కటే లెక్క. ఒక లెంగ్త్ అంటే గుర్రం ముక్కు నుంచి తోక మొదలు దాకా, సుమారు ఎనిమిది అడుగులు. ఆ పద్ధతి వల్ల చరిత్రలో పేరు దక్కకుండా పోయిన గుర్రాల్లో ముందు చెప్పుకోవాల్సింది షామ్.

ముదురు గోధుమ రంగు మగ గుర్రం. 1970 ఏప్రిల్ 9న అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో, క్లెయిబోర్న్ అనే పేరుమోసిన గుర్రాల క్షేత్రంలో పుట్టింది. దానికి పది రోజుల ముందు, మార్చి 30న, వర్జీనియాలోని మెడో క్షేత్రంలో ఎర్రటి పిల్ల ఒకటి పుట్టింది. దాని పేరు సెక్రటేరియట్. గుర్రప్పందేల మొహం ఎన్నడూ చూడనివారు కూడా వినే ఉండే పేరు అది. షామ్ చేసిన పొరపాటు ఏదైనా ఉందంటే, ఆ ఏడాదే పుట్టడం.

1973 మే 5. లూయివిల్‌లోని చర్చిల్ డౌన్స్ మైదానం, కెంటకీ డెర్బీ. మూడేళ్ల గుర్రాలకు జీవితంలో ఒక్కసారే దొరికే పందెం. దూరం మైలుంబావు, అంటే 2,012 మీటర్లు. మలక్‌పేటలో ఏటా అక్టోబరు 2న జరిగే దక్కన్ డెర్బీ దూరం 2,000 మీటర్లు కాబట్టి హైదరాబాద్ పందెంరాయుళ్లకు ఇది తెలిసిన దూరమే. మనది పచ్చిక మీద, వాళ్లది మట్టి మీద. ఆ రోజు బరిలో పదమూడు గుర్రాలు. గేటు తెరుచుకునే క్షణంలో షామ్ తల ఇనుప కమ్మీకి కొట్టుకుంది. రెండు పళ్లు కదిలిపోయాయి. నోట్లోంచి రక్తం కారుతుండగానే అది పరుగందుకుంది. జాకీ లాఫిట్ పిన్‌కే దాన్ని ముందు వరసలోనే ఉంచాడు. చివరి మలుపు తిరిగేసరికి షామ్‌దే ఆధిక్యం. పందెం దాని చేతిలోకి వచ్చేసిందనుకున్న వేళ, మొదట్లో అందరికంటే వెనకపడిన సెక్రటేరియట్ బయటివైపు నుంచి వచ్చి దాటేసింది. తేడా రెండున్నర లెంగ్త్‌లు. మూడో గుర్రం అవర్ నేటివ్ షామ్‌కు మరో ఎనిమిది లెంగ్త్‌ల వెనక ఎక్కడో ఉంది.

గెలిచిన సమయం 1 నిమిషం 59 సెకన్లు, ఆపైన సెకనులో అయిదింట రెండు వంతులు. డెర్బీ 1875లో మొదలైంది. అప్పటి నుంచి ఆ రోజు దాకా ఏ గుర్రమూ రెండు నిమిషాల లోపు పరిగెత్తలేదు. ఈ రికార్డు ఇప్పటికీ చెక్కుచెదరలేదు.

ఇక రెండో గుర్రం లెక్క. పట్టికలో లేదు కాబట్టి మనమే వేసుకోవాలి. రెండున్నర లెంగ్త్‌లంటే సుమారు ఆరు మీటర్లు. గీత దగ్గర గుర్రాల వేగం సెకనుకు పదహారు, పదిహేడు మీటర్లు. ఆరు మీటర్లకు పట్టేది సెకనులో మూడో వంతు కంటే కాస్త ఎక్కువ. కలిపితే 1 నిమిషం 59.8 సెకన్ల దగ్గర తేలుతుంది. సెక్రటేరియట్ తర్వాత రెండు నిమిషాల లోపు డెర్బీ గెలిచిన గుర్రం 2025 దాకా ఒక్కటే: 2001లో మొనార్కోస్, 1 నిమిషం 59.97 సెకన్లు. అంటే పళ్లు ఊగుతూ, నోట రక్తంతో ఓడిపోయిన షామ్, నూటయాభై డెర్బీల విజేతల్లో ఒక్కదాన్ని మినహాయిస్తే మిగతా అన్నిటికంటే వేగంగా పరిగెత్తినట్టు. ఇది అంచనాయే, అధికారిక సమయం కాదు. అయినా ఇంత దగ్గరి లెక్కలో పెద్ద తేడా రావడానికి చోటు తక్కువ.

ఆ వేగం ఎలాంటిదో అంకెలతో చెబితే సరిగా అందదు. అద్దంకి–నార్కట్‌పల్లి రోడ్డు మీద మాడుగులపల్లి టోల్‌గేటు దాటి, మిర్యాలగూడ వైపు అరవైతో బైకు నడుపుతున్న మనిషిని ఊహించుకోవాలి. చొక్కా గాలికి ఉబ్బి, కళ్లలో నీళ్లు తిరిగే వేగం. ఆ బైకు పక్కన అర టన్ను బరువున్న జంతువు, వీపు మీద మనిషీ జీనూ కలిపి 57 కిలోలు మోస్తూ, రెండు కిలోమీటర్లు వెనకపడకుండా తోడు వస్తే అదీ డెర్బీ. బైకులో మండేది పెట్రోలు. గుర్రంలో మండేది గడ్డీ ఓట్సూ. అవి మండాలంటే ప్రాణవాయువు కావాలి. అసలు కథంతా ఆ ప్రాణవాయువు దగ్గరే ఉంది.

గుర్రం నోటితో ఊపిరి పీల్చలేదు. దాని గొంతు నిర్మాణమే అంత. ముక్కు ఒక్కటే దారి. పైగా దౌడులో ఉన్నప్పుడు ఊపిరి దాని ఇష్టప్రకారం నడవదు. ముందుకాళ్లు నేలను తాకి ఒళ్లు ముందుకు ఒరిగినప్పుడు గాలి బయటికి, కాళ్లు ముడుచుకుని గాల్లో తేలినప్పుడు లోపలికి. ఒక్క అంగకు ఒక్క శ్వాస. మేలుజాతి గుర్రం పూర్తి వేగంలో అంగకు ఏడు మీటర్ల దాకా సాగుతుంది, సెకనుకు రెండున్నర అంగలు వేస్తుంది. డెర్బీ మొత్తం మీద దానికి దొరికేది మూడు వందల లోపు శ్వాసలే. జాకీ ఎంత అదిలించినా ఆ లెక్క పెద్దగా పెరగదు.

దొరికిన గాలిని వాడుకోవడంలోనే గుర్రం గొప్పతనం. నిలబడి ఉన్నప్పుడు దాని రక్తంలో ఎర్రకణాల వాటా నలభై శాతం దగ్గర ఉంటుంది. పరుగు మొదలవగానే ప్లీహం ఒక్కసారిగా పిండినట్టు ముడుచుకుని, దాచిపెట్టిన ఎర్రకణాలను రక్తంలోకి వదులుతుంది. వాటా అరవై దాటుతుంది. మనిషి క్రీడాకారుడు సూదిమందుతో దొంగచాటుగా చేయించుకుని పట్టుబడే పనిని గుర్రం ఒళ్లు పుట్టుకతోనే, చట్టబద్ధంగా చేసేస్తుంది! దానికి మూల్యం లేకపోలేదు. రక్తం చిక్కబడుతుంది. ఆ చిక్కటి రక్తాన్ని అంత ఒత్తిడితో తోసేసరికి ఊపిరితిత్తుల్లోని సన్నని నాళాలు చిట్లుతాయి. పందెం అయ్యాక గొట్టం వేసి చూస్తే శ్వాసనాళంలో రక్తపు చారలు కనబడని గుర్రాలే తక్కువ. ముక్కు నుంచి రక్తం కారితేనే జనానికి తెలుస్తుంది, అంతే.

ఇక పంపు. గుర్రం గుండె విశ్రాంతిలో నిమిషానికి ముప్ఫై, నలభై సార్లు కొట్టుకుంటుంది. దౌడులో 220 దాటి 240 దాకా వెళ్తుంది. ఈ పైఅంచు చాంపియన్‌కూ, చివర వచ్చే గుర్రానికీ ఇంచుమించు ఒకటే. కాబట్టి తేడా ఎన్నిసార్లు కొట్టుకుందన్న దాంట్లో కాదు, కొట్టుకున్న ప్రతిసారీ ఎంత రక్తం తోసిందన్న దాంట్లో ఉంది. మంచి పందెం గుర్రం గుండె ఒక్క దెబ్బకు లీటరుకు పైగా తోస్తుంది. నిమిషానికి 250, 300 లీటర్లు. కిలో ఒంటి బరువుకు గుర్రం వాడుకోగల ప్రాణవాయువు, ఒలింపిక్స్ పతకాలు గెలిచిన మనుషుల లెక్కకు దాదాపు రెట్టింపు. పెద్ద గుండె ఉన్నదానికి అదే ఊపిరిలో ఎక్కువ ఇంధనం మండుతుంది. గుర్రాల ఆసాములకు ఈ సంగతి శాస్త్రం చెప్పక ముందే తెలుసు. 1789లో ఇంగ్లండ్‌లో ఎక్లిప్స్ అనే అజేయమైన గుర్రం చనిపోతే కోసి చూసి, గుండె 14 పౌండ్లుందని రాసిపెట్టుకున్నారు. 1932లో చనిపోయిన ఫార్ లాప్ గుండె 6.2 కిలోలు, అది ఇప్పటికీ కాన్‌బెరాలోని ఆస్ట్రేలియా జాతీయ మ్యూజియంలో గాజు పాత్రలో ఉంది. పిల్లలు దాని ముందు వరస కట్టి నిలబడతారు.

మన పాత అశ్వశాస్త్రాలు శాలిహోత్రుడి పేరు చెప్పి సుళ్లు ఎక్కడున్నాయో, రంగు ఏమిటో, మెడ ఎలా వంగిందో చూసి గుర్రాన్ని ఎంచమన్నాయి. ఎంచవలసినది పక్కటెముకల లోపల ఉంది, అది బతికుండగా కంటికి కనబడదు. 1950లలో ఆస్ట్రేలియాలో జేమ్స్ స్టీల్ అనే పశువైద్యుడు ఈసీజీ గీతల వెడల్పును బట్టి గుండె పరిమాణాన్ని అంచనా వేయబోయాడు. ‘హార్ట్ స్కోర్’ అని దానికి పేరు. వేలంపాటల్లో కొన్నాళ్లు అది మోజుగా నడిచింది, తర్వాత వట్టిపోయింది. ఇప్పుడు అల్ట్రాసౌండ్‌తో ఎడమ జఠరికను నేరుగా కొలుస్తున్నారు. ఇంగ్లండ్‌లో వందలాది పందెం గుర్రాలను అలా పరీక్షించినప్పుడు, గుండె పరిమాణానికీ గెలుపుకీ సంబంధం దూరపు పందేల్లో బాగా కనిపించింది, పొట్టి పందేల్లో అంతగా కనబడలేదు.

షామ్ గుండె సంగతికి వచ్చే ముందు దాని యజమాని సంగతి చెప్పాలి. ఈ రెండు గుర్రాల జాతకాలూ ఒకే గడపలో ముడిపడి ఉన్నాయి మరి. షామ్‌ను పెంచింది క్లెయిబోర్న్ అధిపతి బుల్ హ్యాంకాక్. 1972 సెప్టెంబరులో ఆయన పోయాడు. ఆస్తి పంపకాల్లో పందెం గుర్రాలను వేలానికి పెట్టారు. న్యూయార్క్ బిల్డరు సిగ్మండ్ సామర్ రెండు లక్షల డాలర్లు పెట్టి షామ్‌ను కొని, క్యూబా నుంచి వచ్చిన ట్రైనర్ ఫ్రాంక్ మార్టిన్ చేతికి అప్పగించాడు. కొన్ని నెలలకే, 1973 ఫిబ్రవరిలో, బుల్ కొడుకు సెత్ హ్యాంకాక్ సెక్రటేరియట్‌ను 32 వాటాలుగా చేసి, వాటా లక్షా తొంభై వేల డాలర్ల చొప్పున అమ్మిపెట్టాడు. మొత్తం 60.8 లక్షలు. అప్పటికి ప్రపంచంలో ఏ గుర్రానికీ అంత ధర పలకలేదు. తమ ఇంట పుట్టిన గుర్రం బయటికి పోయింది, బయటి గుర్రం ఇంటికి వచ్చింది. ఇరవై మూడేళ్ల కుర్రాడి మొదటి పెద్ద వ్యాపారం అది. తప్పుపట్టడానికేం లేదు.

మార్టిన్ షామ్‌ను కాలిఫోర్నియాకు తీసుకెళ్లి సాన్‌టా అనీటా డెర్బీ గెలిపించాడు. ఏప్రిల్ 21న న్యూయార్క్‌లో వుడ్ మెమోరియల్ పందెంలో రెండూ మొదటిసారి ఎదురుపడ్డాయి. గెలిచింది రెండూ కాదు, సెక్రటేరియట్ స్టేబుల్‌కే చెందిన ఏంగిల్ లైట్. షామ్ తల తేడాతో రెండోది. సెక్రటేరియట్ నాలుగు లెంగ్త్‌ల వెనక మూడోది! నోట్లో చీముగడ్డ లేచి బాధపడుతోందని తర్వాత తెలిసింది. డెర్బీలో షామ్ పళ్ల సంగతిలాగే ఇదీ పందెం ముగిశాకే బయటికొచ్చింది. ఆ ఒక్క రోజూ షామ్ ముందుంది. ఆ తర్వాత డెర్బీ, రెండు వారాలకు మే 19న బాల్టిమోర్‌లో ప్రీక్‌నెస్. అక్కడా అదే వరస: సెక్రటేరియట్, రెండున్నర లెంగ్త్‌ల వెనక షామ్, ఎనిమిది లెంగ్త్‌ల వెనక అవర్ నేటివ్. అచ్చు గుద్దినట్టు.

రౌతు కొద్దీ గుర్రం అంటారు. పిన్‌కే సామాన్యుడు కాదు, తర్వాత ప్రపంచంలోనే అత్యధిక విజయాల జాకీగా రికార్డు పట్టుకున్నవాడు. అవతల సెక్రటేరియట్ మీద రాన్ టర్కాట్. ఇద్దరు రౌతులూ తక్కువవారు కాదు కాబట్టి మిగిలింది గుర్రాల మధ్య తేడాయే. ఆ తేడా ఎలాంటిదో జూన్ 9న తేలింది.

బెల్మాంట్ స్టేక్స్ మైలున్నర పందెం, దాదాపు మన ఇండియన్ డెర్బీ దూరం. 1948 తర్వాత డెర్బీ, ప్రీక్‌నెస్, బెల్మాంట్ మూడూ ఒకే ఏడాది గెలిచిన గుర్రం లేదు. ఆ వారం టైమ్, న్యూస్‌వీక్, స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ మూడూ సెక్రటేరియట్ బొమ్మనే అట్ట మీద వేశాయి. మొత్తం బరిలో ఐదు గుర్రాలే. మార్టిన్ లెక్క ఏమిటంటే, మొదటి నుంచీ షామ్‌ను పక్కనే ఉంచి ప్రత్యర్థిని ముందుగానే అలసిపోయేలా చేయాలి. గేటు తెరవగానే రెండూ జంటగా దూసుకెళ్లాయి. మొదటి ఆరు ఫర్లాంగులు, అంటే 1,200 మీటర్ల పైచిలుకు, 69.8 సెకన్లలో. గంటకు 62 కిలోమీటర్ల పైమాట. పొట్టి పందేల్లో చెల్లే వేగం అది. ఇంకా అంతే దూరం మిగిలి ఉండగా ఆ వేగంతో వెళ్తే ఏమవుతుందో ట్రైనర్లందరికీ తెలుసు. కండరాలకు అందే ప్రాణవాయువు చాలక, అది లేకుండానే చక్కెరను విరగ్గొట్టడం మొదలవుతుంది. అప్పు తెచ్చి ఖర్చు పెట్టడం లాంటిది కాదిది, ఇంటి దూలాలు పీకి పొయ్యిలో పెట్టడం. ఆమ్లం పేరుకుంటుంది, కండరం బిగుసుకుంటుంది, అంగ చిన్నదైపోతుంది. సగం దూరం దాటేసరికి షామ్‌లో జరిగింది ఇదే. వెనకబడి, ఇంకా వెనకబడి, చివరికి ఐదో గుర్రంగా గీత దాటింది.

సెక్రటేరియట్ మాత్రం అదే వేగాన్ని మోసుకుంటూ పోయింది. 31 లెంగ్త్‌ల తేడా, 75 మీటర్లు. సమయం 2 నిమిషాల 24 సెకన్లు. మట్టి మీద ఆ దూరానికి ఇంతకంటే వేగంగా ఏ గుర్రమూ పరిగెత్తలేదు. గెలిచిన టికెట్లలో 5,617 డబ్బుకు మార్చుకోకుండా ఉండిపోయాయి. జనం గుర్తుగా దాచుకున్నారు. మలక్‌పేట గ్యాలరీలో ఈ మాట చెబితే నమ్మేవారుండరు.

ఆ రోజు రెండో స్థానం ట్వైస్ ఎ ప్రిన్స్ అనే గుర్రానికి దక్కింది. సెక్రటేరియట్ జోలికే పోకుండా వెనక నెమ్మదిగా వచ్చినందుకు దొరికిన బహుమతి అది. డెర్బీలో, ప్రీక్‌నెస్‌లో షామ్ మామూలు రెండో గుర్రం పరుగే పరిగెత్తి ఉంటే బెల్మాంట్‌లోనూ రెండో చోటు దక్కేదేమో. గెలుపు కోసం పరిగెత్తింది కాబట్టే చివరిదైంది. పైగా ఆ రికార్డు పుట్టడంలో దానికీ భాగముంది. మొదటి అరమైలులో పక్కన ఎవరూ లేకపోతే టర్కాట్ కళ్లెం బిగించి వేగం దాచుకునేవాడు, ఏ జాకీ అయినా చేసేదదే. కవ్వించినది షామ్.

జూలైలో షామ్ ముందుకాలి ఎముక చిట్లింది. గుర్రం మోకాలి కింద కండరం ఉండదు. తీగల్లాంటి స్నాయువులు, నిలువుగా ఒక పొడుగాటి ఎముక, దాని కింద ఒకే వేలు, ఆ వేలి గోరే గిట్ట. దౌడులో ఒక్కో కాలు నేలను తాకేది సెకనులో పదో వంతు. ఆ కాసేపట్లో ఒంటి బరువుకు రెండున్నర రెట్ల భారం ఆ ఒక్క ఎముక మీద పడుతుంది. ప్రతి పరుగూ అందులో కంటికి కనబడని చీలికలు తెస్తుంది. విశ్రాంతి దొరికితే ఎముక వాటిని పూడ్చుకుంటుంది. పూడ్పు కంటే చీలిక వేగంగా జరిగితే ఒక రోజు గీత పడుతుంది. మూడేళ్ల గుర్రమంటే ఇంకా పాలపళ్లు పూర్తిగా రాలని వయసు. మేళ్లచెరువు లెక్కలో రెండు పళ్ల గిత్త అనుకోవచ్చు. షామ్ పందేల జీవితం అక్కడితో ముగిసింది. మొత్తం 13 పరుగులు, 5 గెలుపులు, 5 రెండో స్థానాలు.

పదహారేళ్లు గడిచాయి. 1989 అక్టోబరు 4న సెక్రటేరియట్ గిట్టల్లో వాపు ముదిరి, నయం కాదని తేలాక క్లెయిబోర్న్‌లో నిద్రపుచ్చారు. శవపరీక్ష చేసింది కెంటకీ విశ్వవిద్యాలయంలో పనిచేసే థామస్ స్వెర్చెక్. అప్పటికే వేలాది గుర్రాలను కోసి చూసిన మనిషి. గుండె బయటికి తీసి నిర్ఘాంతపోయాడు. మామూలు గుర్రం గుండెకు దాదాపు రెట్టింపు ఉంది, జబ్బుతో ఉబ్బింది కాదు, ప్రతి గదీ చక్కగా, ఆరోగ్యంగా ఉంది. కానీ దాన్ని తూకం వేయలేదు. సాధారణంగా పేరున్న పందెం గుర్రం పోతే తల, గుండె, గిట్టలు మాత్రమే పూడ్చిపెడతారు. సెక్రటేరియట్‌ను మాత్రం గౌరవంగా నిండు దేహంతో సమాధి చేశారు. గుండె మళ్లీ లోపలికే వెళ్లింది.

1993 ఏప్రిల్ 3న షామ్ గుండెపోటుతో పోయింది. దాన్ని పరీక్షించినదీ స్వెర్చెక్కే. ఈసారి గుండెను తూకానికి ఎక్కించాడు. 18 పౌండ్లు, అంటే ఎనిమిది కిలోల పైన. మామూలు పందెం గుర్రం గుండె నాలుగైదు కిలోలు. ఆయన చేతిమీదుగా వెళ్లిన వేల గుండెల్లో ఇంత పెద్దది మరొకటే, నాలుగేళ్ల క్రితం తూకం వేయకుండా వదిలేసినది. ఆ పాత గుండెను కంటితో గుర్తు తెచ్చుకుని, ఈ కొత్తదాని పక్కన పోల్చి చూసి, అది 22 పౌండ్లు ఉండి ఉంటుందని అంచనా కట్టాడు. సెక్రటేరియట్ గుండె పది కిలోలని పుస్తకాలూ సినిమా ప్రచారాలూ టీవీ కార్యక్రమాలూ చెప్పే అంకె వచ్చింది ఇక్కడి నుంచే. ప్రపంచమంతా తిరుగుతున్న ఆ అంకె ఒక జ్ఞాపకం. త్రాసు మీద నిజంగా పడ్డ బరువు షామ్‌ది. 

ఇంత పెద్ద గుండెలు ఒకే ఏడాది పుట్టిన రెండు గుర్రాలకు ఎలా వచ్చాయి? వంశవృక్షం చూస్తే ఒక పేరు కళ్లకు కడుతుంది. సెక్రటేరియట్ తల్లి సంథింగ్‌రాయల్, షామ్ తల్లి సెకోయా, ఇద్దరికీ తండ్రి ఒక్కడే: ప్రిన్స్‌క్విలో. ఒకే తాతకు కూతుళ్ల పిల్లలు. మగ గుర్రానికి వై క్రోమోజోము తండ్రి నుంచి, ఎక్స్ క్రోమోజోము తల్లి నుంచి వస్తుంది. మగవాడికి ఉన్నది ఒకే ఎక్స్ కాబట్టి ప్రిన్స్‌క్విలో తన ఎక్స్‌ను కూతుళ్లందరికీ తప్పకుండా ఇచ్చాడు. ఆ కూతుళ్ల నుంచి మనవలకు అది వెళ్లే అవకాశం సగం. పెద్ద గుండెకు కారణమైన జన్యువు ఆ ఎక్స్ మీద ఉందని మరియానా హాన్ అనే అమెరికన్ రచయిత్రి 1990లలో వాదించింది. 1837లో పుట్టిన పోకహాంటస్ అనే ఆడ గుర్రం మీదుగా ఆ వారసత్వాన్ని ఎక్లిప్స్ దాకా లాక్కెళ్లింది. సెక్రటేరియట్ సంతానం కూడా ఆ వాదానికి బలమిచ్చేలా ఉంది. కొడుకులకు తండ్రి ఎక్స్ రాదు, వాళ్లలో తండ్రంతటివాడు లేడు. కూతుళ్లకు వస్తుంది, ఆ కూతుళ్ల కొడుకులు స్టార్మ్ క్యాట్, ఏపీ ఇండీ, గాన్ వెస్ట్ అమెరికా పందెం గుర్రాల తీరునే మార్చారు.

వినడానికి ఇంపుగా ఉన్న కథ. జన్యుశాస్త్రవేత్తలు మాత్రం దీన్ని ఒప్పుకోలేదు. 2009లో గుర్రం జన్యుక్రమం మొత్తం బయటికొచ్చింది. అప్పటి నుంచి వేలాది గుర్రాల డీఎన్‌ఏ జల్లెడపట్టినా ఎక్స్ మీద గుండె పరిమాణాన్ని శాసించే ఒంటరి జన్యువు బయటపడలేదు. గుండె పెరుగుదలలో ఎన్నో జన్యువుల చేయి ఉంటుంది, పైగా శిక్షణతో కూడా అది పెరుగుతుంది. దూరానికి సంబంధించి బాగా రుజువైన జన్యువు వేరే ఉంది, అదీ గుండెది కాదు. 2010లో డబ్లిన్‌లో ఎమ్లిన్ హిల్ బృందం, కండరాల పెరుగుదలకు పగ్గం వేసే మయోస్టాటిన్ అనే జన్యువులో ఒక్క అక్షరం మార్పు గుర్రాన్ని పొట్టి పందేలదా, దూరపు పందేలదా అన్నది చాలావరకు తేలుస్తుందని చూపింది. మలక్‌పేటలో పరిగెత్తే ప్రతి మేలుజాతి గుర్రానికీ ఈ లెక్క వర్తిస్తుంది. 1868లో మౌలాలిలో, 1886 నుంచి మలక్‌పేటలో నిజాం నడిపించిన పందేల దగ్గర నుంచీ ఇక్కడికి వచ్చిన మేలుజాతి గుర్రాల తండ్రుల వరసలన్నీ, పదిహేడు, పద్దెనిమిదో శతాబ్దాల్లో ఇంగ్లండ్ చేరిన మూడు తూర్పు దేశపు గుర్రాల దగ్గరికే పోతాయి.

ప్రిన్స్‌క్విలో సంగతిలో ఒక్క జాగ్రత్త చాలు. ఆ గుర్రానికి కూతుళ్లు ఎందరో, మనవలు ఇంకెందరో. వాళ్లందరి గుండెలూ ఎవరూ తూచలేదు. తూచినవి రెండు, అందులోనూ ఒకటి కంటిచూపుతో. రెండు గుండెలతో సిద్ధాంతం కట్టడం గట్టి పునాది కాదు.

ఇప్పుడు చాలా రేసుకోర్సుల్లో జీను కింది గుడ్డలో చిన్న ట్రాన్స్‌మిటర్ పెడుతున్నారు. ఏ గుర్రం ఏ మలుపు దగ్గర ఎంత వేగంతో ఉందో, చివరగా వచ్చిన దానిది కూడా, సెకనులో నూరో వంతు దాకా నమోదవుతుంది. 1973లో అది లేదు. ప్రీక్‌నెస్‌లో మైదానపు గడియారమే పాడై విజేత సమయం మీద నలభై ఏళ్లు తగాదా నడిచింది. 2012లో మేరీలాండ్ రేసింగ్ కమిషన్ పాత వీడియోలను ఒక్కో చట్రమూ లెక్కపెట్టించి, సెక్రటేరియట్ సమయాన్ని 1 నిమిషం 53 సెకన్లుగా సవరించింది. కొత్త రికార్డు వచ్చిందని పత్రికలు రాశాయి. అదే వీడియోలో రెండున్నర లెంగ్త్‌ల వెనక ఉన్న గుర్రానికి లెక్క వేస్తే 1 నిమిషం 53.4 సెకన్ల దగ్గర తేలుతుంది. 1985లో ట్యాంక్స్ ప్రాస్పెక్ట్, 1996లో లూయీ కాటోర్జ్ గెలిచి, అప్పటి అధికారిక రికార్డుగా పట్టికకెక్కిన సమయం సరిగ్గా అంతే.